చెయ్యి లేని రాతి పిల్ల

ఒకటో తరగతి చదివే మా ఈశ్వరి ఆ రోజు బడి నుంచి వచ్చి, ఎప్పటిలా "అమ్మా, ఆకలి" అని అరవలేదు. పలక కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. జ్వరమేమో అనుకున్నాను. తెల్లారినా మాట లేదు. తింటుంది, ఆడుకుంటుంది, చెప్పిన పని చేస్తుంది. నోరు మాత్రం విప్పదు.

"గాలి సోకింటాది, తాయెత్తు కట్టిపియ్యండి" అంది మా అత్త. కట్టించాం. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, అక్కడి నుంచి కర్నూలుకు తిరిగాం. గొంతు నార్మల్ అన్నారు. హియరింగ్ టెస్ట్ నార్మల్. తలకు వైర్లు పెట్టి ఈఈజీ తీశారు, అదీ నార్మలే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అన్నీ బాగుంటే పిల్ల ఎందుకు మాట్లాడదు? ఒక్క మాట అనమని బతిమాలి ఏడ్చేదాన్ని. అది నా కళ్లు తుడిచేది, అంతే.

చివరికి నంద్యాలలో పిల్లల మనసుకు వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దొరికింది.

"దీన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారమ్మా, మాటలొచ్చినా నోరు పెగలకపోవడం. మొండితనం కాదు, భయం. దేనికి భయమో నాకూ తెలియదు. మాట్లాడమని మాత్రం ఎవరూ అడగొద్దు."

మందు రాయలేదు. వారానికోసారి కొందరు పిల్లల్ని బల్ల చుట్టూ కూర్చోబెట్టి, దాని మీద సుద్దముక్కతో ఏరు, కొండ, కోట గీసేది. ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ. ఆ బొమ్మ ఏం చేయాలో పిల్లలే చెప్పాలి. అది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది.

"బస్సెక్కి వచ్చింది ఆటలాడనీకా?" అని గొణిగాడు మా ఆయన. ఆయన విగ్రహాలు చెక్కే మనిషి. గొణుగుతూనే వేలెడంత రాతి ఆడపిల్లను చెక్కి ఇచ్చాడు.

చాలా వారాలు ఈశ్వరి వేలితో చూపిస్తూనే ఆడింది. ఒకరోజు డాక్టరమ్మ కోట కావలివాడిలా గొంతు మార్చి "ఎవరది?" అంది.

"నేనే. తలుపు తియ్" అంది మా పిల్ల.

వరండాలో నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఇంట్లో బొమ్మ బండ మీద పడి చెయ్యి విరిగింది. భిన్నమైన విగ్రహాన్ని మా వాళ్లు ఇంట్లో ఉంచరు. మా ఆయన అలవాటు కొద్దీ దాన్ని రాతిముక్కల కుప్పలోకి విసిరేసి, ఇంకా అందమైనది చెక్కాడు. ఈశ్వరి దాన్ని ముట్టలేదు. ఆటలో కూడా నోరు మూసుకుంది.

"బొమ్మ బాగుంది. కానీ దెబ్బ తిన్నదాన్ని పారేస్తారని పాప కళ్లారా చూసింది" అంది డాక్టరమ్మ.

పాత బొమ్మను వెతుకుదామంటే, ఆ కుప్ప అప్పటికే రోడ్డు గుంతలు పూడ్చడానికి పోయింది. ఇక ఏం చేయాలో నాకు పాలుపోలేదు. పిల్లను చంకనేసుకుని మళ్లీ మళ్లీ అదే బస్సెక్కడం తప్ప.

ఒక వారం మాతో వచ్చిన మా ఆయన, ఆట బల్ల దగ్గరే సంచిలోంచి కొత్త బొమ్మనూ ఉలినీ తీశాడు. పిల్ల చూస్తుండగానే బొమ్మ చెయ్యి ఎగరగొట్టాడు. కావాలని ప్రతిమను పాడు చేయడం ఆయన జన్మలో అదే మొదలు.

"ఇది గూడా మనింట్లోనే ఉంటాది మ్మా" అన్నాడు.

ఈశ్వరి బొమ్మను కోట ముందు పెట్టింది. కావలివాడు అడిగాడు, "చెయ్యి ఏమైంది?"

"నాయన ఇరగ్గొట్టినాడు."

పిల్లలంతా పకపకా నవ్వారు. మా ఆయన తల వంచుకుని ఏడ్చాడు.

ఇప్పుడు ఈశ్వరి ఆరో తరగతి. ఇంట్లో వాగుడుకాయ. బడిలో మాత్రం పక్క పిల్లతో గుసగుసలే. అయ్యవారు పేరు అడిగితే జేబులో బొమ్మను పట్టుకుని తల దించుకుంటుందట. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించదు.

ఇలాంటి పిల్లలున్న తల్లులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పిల్ల వస్తువు ఏదైనా విరిగితే, పారేసే ముందు పిల్లను అడగండి. జవాబు నోటితో రాకపోవచ్చు. ఎంత గట్టిగా పట్టుకుందో చూడండి.