కండువా లైనింగు

ఈ బరువు మోస్తూ ఎన్ని జాకెట్లు కుట్టానో నాకే తెలీదు. ఎవరికీ చెప్పలేదు. మీరు నా కొట్టుకి రారు కాబట్టి మీకు చెబుతున్నాను.

అనకాపల్లిలో నాది డిజైనర్ జాకెట్ల కొట్టు. ఎన్నికలొస్తే మాకు పెళ్లిళ్ల సీజన్‌ని మించిన గిరాకీ. ఒకావిడ వీపు మీద నాయకుడి బొమ్మ మగ్గం వర్కు చేయించుకుంటుంది, ఇంకొకావిడ చేతుల అంచుకి పార్టీ గుర్తు కుట్టించుకుంటుంది. నేను రెండు పార్టీలకీ కుట్టాను. ఓట్లయిపోయాక మిగిలిపోయిన పార్టీ కండువాలు పారేసేదాన్ని కాదు. మెత్తటి గుడ్డ. పైపింగుకీ, లోపలి అతుకులకీ వాడేసేదాన్ని.

సత్యవతి కోటవురట్ల దగ్గర పల్లె నుంచి వచ్చేది. భర్త ఆ ఊళ్లో ఒక పార్టీకి ముందుండి తిరిగే మనిషి. ఆమె అన్నయ్యది రెండో పార్టీ. అయినా పుట్టింటికి రాకపోకలుండేవి. వాళ్ల గృహప్రవేశానికి పల్చటి టిష్యూ జాకెట్ కుట్టమంది. లైనింగు గుడ్డ తనే కవర్లో పెట్టి ఇచ్చింది. దాన్ని నేను కత్తిరించడంలో పాడుచేశాను. ఫంక్షన్ మర్నాడే. రంగు కలిసిందని కండువా వేసి కుట్టేశాను. ఏ రంగో చెప్పను, పార్టీ తెలిసిపోతుంది. పార్టీ గుర్తు ఉన్న కొసని కోసెయ్యాలని నాకు తెలీదా? తెలుసు. మరెందుకు కొయ్యలేదు? లోపల ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

గృహప్రవేశంలో వీడియో లైటు పడేసరికి ఆమె వీపు మీద అన్న పార్టీ గుర్తు కనిపించింది. భర్త పార్టీ వాళ్లందరి ముందూ.

మర్నాడు ఆయన ఆ జాకెట్ తెచ్చి నా బల్ల మీద పడేశాడు. వెనకే సత్యవతి.

"ఈ గుడ్డ ఎవులేసేరు?"

"ఆవిడే కవర్లో పెట్టి ఇచ్చేరండి," అన్నాను.

"నానెప్పుడిచ్చేనప్పా?" అంది సత్యవతి.

"పుట్టింటికెళ్లొచ్చి ఇచ్చేవు కదమ్మా, సూసుకోలేదేమో."

ఆ చివరి మాట ఎందుకన్నాను? ఆయన చెబితే ఆ ఊరి ఆడవాళ్లంతా నా కొట్టుకి రావడం మానేస్తారని భయమా, లేక ఆ కోపం ఎవరి మీదికైనా పోనీ నా మీదికి రాకుంటే చాలనుకున్నానా, ఎంత తవ్వుకున్నా నాకు తేలడం లేదు. ఆయన ఆమెని తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమెని పుట్టింటికి పంపలేదు. తల్లి పోయినా పంపలేదు.

అది తెలిసింది ఆమె చెబితేనే. ఇప్పటికీ నా దగ్గరే కుట్టించుకుంటుంది. "నాదే తప్పప్పా. ఆ కవర్లో ఏటెట్టేనో సూసుకోనేదు. ఫోన్లో అన్నయ్యకీ అదే సెప్పేను. సెమించమని ఏడిసేను," అంది.

నాకు ఏడుపు రాలేదు. టేపు తీసి చేతి కొలత తీసుకున్నాను. చెయ్యి బాగా సన్నబడింది. అప్పుడైనా చెప్పొచ్చు. "శుక్రవారం రా," అన్నాను.

సిగ్గు ఉండాలి. వెతుక్కుంటే మొద్దుబారిన చోటు తప్ప ఏమీ తగలడం లేదు. అందుకే రాస్తున్నాను. కండువా నాది. ఆమె ఇవ్వలేదు. ఈ రెండు ముక్కలూ బయటపెట్టాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆమె మాత్రం ఇంకా తనదే తప్పనుకుంటోంది.