మందు కొట్టేముందు ఒక మాట

ఈ ఉదయం చల్లపల్లి దగ్గర మా ఐ.ఆర్.ఎయిట్ వరిచేలో ఎండ్రిన్ పురుగుమందు కొట్టించబోయాను. పురుగు ఒక్క మూలనే ఉన్నా చేనంతా కొట్టించడం మాకు అలవాటు. ఇంతలో కలుపు తీసే మరియమ్మ గట్టు మీదికొచ్చింది.

"ఇయ్యాళ మందు కొడతారంటగా, బాబుగారూ?"

"అవును. ఏం?"

"ఈ చేలో దొరికే చేపలేనండీ మా పిల్లలకి కూర. పోయినసారి మందు కొట్టారని మాకెవరూ చెప్పలేదు. అవి తిని చిన్నదానికి రెండు రోజులు వాంతులు."

మందు డబ్బా విప్పకుండానే వెనక్కి పంపేశాను. పురుగు గుడ్లు పెట్టిన ఆకుల్ని మధ్యాహ్నందాకా నేనూ మరియమ్మా తెంపి తగలబెట్టాం. దిగుబడి కాస్త తగ్గుతుందేమో, తగ్గనీ. ఇన్నేళ్లుగా మందు కొట్టిస్తూ ఒక్కసారీ ఆమె గుడిసెకి కబురు పంపలేదు నేను. మీ ఊళ్లో పంపుతారా?