నీలం టోపీ

నస్పూర్ దగ్గరి బొగ్గుగనిలో ముందు గాలిని పరీక్షించి, ఆ తర్వాతే కార్మికులను పనిలోకి పంపే సర్దార్ దేవసహాయం. గ్యాస్ మీటరు నడుముకు వేలాడుతున్నా దాన్ని నమ్మడు. పాత దీపం వత్తి తగ్గించి, మోకాళ్ల మీద కూర్చుని, మంట కొస మీద టోపీలాంటి నీలి వెలుగు, గనివాళ్లు 'నీలం టోపీ' అనేది, లేస్తుందేమో చూస్తాడు. లేస్తే గాలిలో పేలే వాయువు మీథేన్ ఉన్నట్టే. ముప్పై ఏళ్లుగా ఆయనకు అదొక్కటే సాక్ష్యం. "మీథేన్ అణువు తనకు సరిపోయే వెలుగునే మింగుతది, సర్దార్ గారూ. ఎంత మింగిందో మీటరు కొలుస్తది. మీ నీలం గూడ అణువులు వదిలిన వెలుగే," అని కొత్త ఇంజనీరు స్తుతి ఎంతో ఓపికగా చెప్పింది. "మింగంగ ఎవలు చూసిండ్రు బిడ్డా?" అన్నాడాయన.

వారం తిరక్కుండానే గనిలో మీటరు కీచుమంది. దేవసహాయం దీపం ఎత్తి చూశాడు. "నీలం లేదు. గీ మీటరు అబద్ధం చెప్తున్నది." స్తుతి వంగి చూసింది. "ఉన్నది గదా, సర్దార్ గారూ. ఇంతెత్తు లేసింది." ఆయన ఆమెను అనుమానంగా చూశాడు. గాజు తుడిచి మళ్లీ చూశాడు. ఏమీ కనిపించలేదు. అయినా అందరినీ బయటికి పంపేశాడు. పైకొచ్చాక తలెత్తి చాలాసేపు నిలబడి, మెల్లగా అడిగాడు: "బిడ్డా, ఇయ్యాల ఆకాశం నీలంగనే ఉన్నదా?"