ఇస్త్రీ దుకాణం నగేష్ చూసిన దోహా

దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో ఇస్త్రీ దుకాణం నగేష్‌కి లాటరీ తగిలిందన్న పుకారు శుద్ధ అబద్ధం. శుక్రవారానికో కొత్త చొక్కా తొడిగి, నల్ల కళ్ళజోడు పెట్టి ఊరంతా తిరుగుతున్నాడన్నది మాత్రం నిజం. ఆ సంగతేమిటో తేలేదాకా దుకాణం పై అంతస్తులో ఉండే శకుంతలమ్మకు అన్నం సయించలేదు. దుప్పట్లు ఇచ్చే నెపంతో కిందికి దిగింది.

నగేష్‌ది జగిత్యాల దగ్గర పల్లె. మేనమామ రాజేందర్‌ను చూడటానికని విజిట్ వీసా మీద వచ్చి, మర్నాటి నుంచే మామ దుకాణంలో ఇస్త్రీపెట్టె పట్టాడు. ప్రపంచ కప్పు దగ్గరపడుతోంది. ఇలా చూడ్డానికొచ్చి పనిలో దిగే కుర్రాళ్ళకు వీసా నిబంధనలు బిగించాలా వద్దా అని సర్కారులో చర్చ నడుస్తోందని కూలీల క్యాంపుల్లో గుప్పుమంది. గడువు పెంచేటప్పుడు ఏమేం చూశావని అడుగుతారట అని ఎవరో ఇంకో మాట కలిపారు.

నగేష్ లెక్క వేసుకున్నాడు. కంపెనీ వీసా రావడానికి ఇంకో నెల పడుతుంది. ఈలోగా గడువు పెరగకపోతే ఇంటిదారే. చూసిందా, దుకాణం గోడ ఒక్కటే! అందుకని విహారం డ్యూటీ మొదలెట్టాడు. ఒంటెతో ఒక సెల్ఫీ, డేగతో ఒకటి, సముద్రం ఒడ్డున నాలుగు, ముషైరిబ్ మెట్రో మెట్ల మీద మూడు.

"పొద్దంత పెట్టె పడితె అలిసిపోడమ్మా. తిరిగొస్తె మాత్రం పడిపోతడు," అన్నాడు రాజేందర్.

శకుంతలమ్మ నగేష్ ఫోను లాక్కుని ఒక్కొక్క ఫొటో జరుపుతూ ఒంటె దగ్గర ఆగింది. "ఏరా, ఇది మా వారి గళ్ళ చొక్కా కదూ!"

"ఒక్క అంగీతోనె ఉంటె ఒక్కరోజే తిరిగిండంటరు గదమ్మా. మళ్ల ఇస్త్రీ చేసే ఇచ్చిన."

"ఇస్త్రీ సరే, ఉతికావా? ఆ ఒంటె కంపుకి పాపం ఆయన్ని వారం రోజులు సాధించాను కదరా! సరే, గడువు సంగతి ఎప్పుడు తేలుతుంది?"

"బుధారం."

బుధవారం సాయంత్రం ఆవిడ మళ్ళీ దిగింది. గడువు పెరిగింది. కౌంటర్లో ఆఫీసరు తలే ఎత్తలేదట. నగేష్ ఫోను చాచి "ఒంటె, సార్" అంటే, "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ వెనక మనిషిని పిలిచాడట.

"పోనీలే. ఇన్ని తిరిగావు కదా, నిజం చెప్పు. దోహాలో నీకు బాగా నచ్చిందేమిటి?"

నగేష్ పెట్టె పక్కన పెట్టి ఫోనులో ఫొటోలు మళ్ళీ మొదటినుంచీ జరిపాడు.

"నేనేం జూసిన్నమ్మా? అన్నిటికి వీపు జేసి ఫోన్ల నన్ను నేనే జూసుకునుడాయె."