మెటల్ ఆల్బమ్, మామ మొక్కు

ఇప్పుడు చెప్పబోయేది ఒక సర్వనాశనం కథ. తమ జుట్టంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఇక్కడే ఆగిపోతే మంచిది. మా హెవీ మెటల్ బ్యాండుకు పేరు తెచ్చిన ఆల్బమ్ ఎలా పుట్టిందని ఎవరైనా అడిగితే కళ, కసి, తపస్సు అని ఏదేదో చెబుతుంటాను. అంతా అబద్ధం. నా తెలివితక్కువతనం వల్ల పుట్టింది.

అప్పట్లో నాకు నడుము దాకా జుట్టుండేది. మెటల్ పాడేవాడికి గొంతు లేకపోయినా జనం సర్దుకుంటారు, జుట్టు లేకపోతే మాత్రం మనిషిగా కూడా చూడరు. నా గొంతు సంగతి మా వీధివాళ్ళను అడగండి. నేను సాధన మొదలుపెట్టాక పక్కింటి బర్రె పాలు తగ్గించిందన్న అభియోగం నా మీద ఇప్పటికీ ఉంది. అందుకే జుట్టునే నమ్ముకున్నాను. అనంతపురంలో జనం తాగే నీళ్ళకు ట్యాంకర్ వెనక పరిగెడుతుంటే, నేను తలకు బిందెలు బిందెలు గుమ్మరించుకునేవాణ్ణి. మా అమ్మ బిందె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసేది.

ఇన్ని నీళ్ళు పోసుకుని నేను పాడేది మాత్రం కరువు గురించి. డ్రమ్స్‌కు ఓబులేసు, గిటారుకు షఫీ, అరుపులకు నేను. ఆల్బమ్‌లో ఆఖరి పాట మిగిలింది. వాన రాని ఆకాశాన్ని నిలబెట్టి తిట్టే పాట అది. బెంగళూరు నుంచి ఒక రికార్డిస్టు తన సామానుతో ఆదివారం ఒక్కరోజే వస్తానన్నాడు. సోమవారం ఓబులేసు ఉద్యోగంలో చేరాలి. ఆ ఆదివారం పాట పూర్తికాకపోతే ఆల్బమ్ లేదు, ఓబులేసు లేడు, బ్యాండూ లేదు.

స్టూడియో కోసం శింగనమల దగ్గర మా రామాంజనేయులు మామ వేరుశనగ గోదాము అడిగాను. రేకుల షెడ్డు. గోడలకు గోనెసంచులు కట్టేస్తే అదే స్టూడియో. మామ చేలో వేరుశనగ ఊడలు భూమిలోకి దిగి కాయ కట్టే అదునులో ఉంది, వాన చుక్క లేదు. ఆ వారం తడవకపోతే కాయలుండవు, కట్టెలే మిగులుతాయి.

"షెడ్డు ఇస్తా అల్లుడా. అయితే ఒక మాట. వానొస్తే గుండు ఇస్తానని కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నా," అని మామ తన తల నిమురుకున్నాడు. దానిమీద స్వామికి ఇవ్వడానికి వెంట్రుక మిగల్లేదు. "నా తలకాయ చూస్తాండావు కదా. నీది ఇస్తావా?"

నేను ఆకాశం వైపు చూశాను. అది ఉతికి ఆరేసిన నీలం చీరలాగా ఉంది. పడీపడీ నవ్వాను. నవ్వుతూనే మామ చేతిలో చెయ్యి వేసి, స్వామి పేరు చెప్పి ఒప్పుకున్నాను.

బయటికి వచ్చాక ఓబులేసు నసిగాడు. "రేకుల షెడ్డప్పా. వానొస్తే మైకులో రేకుల చప్పుడే పడతాది."

"నువ్వు పుట్టింది ఈ జిల్లాలోనేనా?" అని అడిగాను. వాన రాదని ఇంత ధీమాగా అనగలిగే తెలివి అనంతపురంవాడికి తప్ప ఇంకెవరికీ ఉండదు. కోస్తావాడైతే గొడుగు పట్టుకొచ్చేవాడు.

ఆదివారం మధ్యాహ్నం పాట ఎత్తుకున్నాం. నేను ఆకాశాన్ని నానా మాటలు అంటున్నాను, జుట్టు గిరగిరా తిప్పుతున్నాను. మధ్యలో టక్కుమని ఒక చప్పుడు. తాళం తప్పాడనుకుని ఓబులేసు వైపు కోపంగా చూశాను. వాడు చేతులు రెండూ ఎత్తేసి, పుల్లతో పైకప్పు చూపించాడు. ఇంకో టక్కు. ఆ తర్వాత ఊరి రాళ్ళన్నీ ఎవరో మా రేకుల మీద కుమ్మరించినట్టు మొదలైంది. రికార్డిస్టు చెవుల మీంచి హెడ్‌ఫోన్స్ తీసేసి, ఇక నా గొంతు వినబడదని చెప్పాడు. ఆ ముక్క చెప్పేటప్పుడు అతని ముఖంలో కొంచెం ఊరట కూడా కనిపించింది.

నేను బయటికి పరిగెత్తాను. రెండు చేతులూ పైకెత్తి, పాట అయ్యేదాకా ఆగమని వానను బతిమాలాను. ఆగకపోయేసరికి పొమ్మని కసిరాను. చేలో కలుపు తీసే కూలీలు షెడ్డు వైపు పరిగెత్తుకొస్తూ నన్ను చూసి నిలబడిపోయారు. వాళ్ళ వెనక మామ నిలువునా తడిసి నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, ఇంతమందిమి రమ్మని మొక్కుతాంటే నువ్వొక్కడివి పొమ్మంటాండావా?" అన్నాడు.

కోపంగా అనలేదు. నాకు నిజంగా సిగ్గేసింది. మామ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. అది చూసి నాకూ సంతోషమే వేసింది, మెడ మీద తడిసిన జుట్టు తగిలేదాకా.

లోపలికొచ్చాక, ఎలాగూ పోయిందే కదా, వాయించేద్దామన్నాడు షఫీ. వాన మీదే వాయించాం. కూలీలు మూటల మీద కూర్చుని చప్పట్లు కొట్టారు. నా అరుపులు వినలేక ఒక ముసలమ్మ, "ఆ పిల్లోనికి కడుపునొప్పేమో, వాము నీళ్ళు ఇయ్యండి," అంది. అదీ రికార్డయింది. ఆ పాటలో నా గొంతు నిండా దుఃఖం పలికిందని అందరూ అంటారు. పలక్కేం చేస్తుంది? వారంలో కదిరిలో గుండు.

ఆల్బమ్ పేలింది. అంత సహజమైన వాన శబ్దం ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశారని అడిగారు. ముసలమ్మ మాటను గొప్ప సామాజిక వ్యంగ్యం అన్నారు. అట్ట మీద నా గుండు ఫోటో చూసి మెటల్‌కు కొత్త రూపం అన్నారు. ఒక సమీక్షకుడు మాత్రమే నా గొంతు ప్రస్తావన తెచ్చి, అది కూడా ఉంది అని రాశాడు. ఓబులేసు ఉద్యోగం మానేశాడు.

కానీ ఆ పంట చేతికొచ్చిన నాటి నుంచి మామ ఊరుకోలేదు. వాన తెచ్చింది నా జుట్టేనని మండలమంతా చెప్పాడు. ఇప్పుడు ఏటా వాన మొహం చాటేసినప్పుడల్లా స్వామికి నా తలే రాసిచ్చేస్తున్నారు, నన్ను అడగను కూడా అడగరు. ఆ మధ్య యాడికి అనే ఊళ్ళో పాడితే ముందు వరుస నిండా రైతులే. మా సంగీతం చివరికి మట్టిమనుషులను చేరిందని కళ్ళు చెమర్చాయి. పాట అయ్యాక ఒక పెద్దాయన వేదిక ఎక్కి, నా నెత్తి తడిమి, కిందున్నవాళ్ళ వైపు తిరిగి, "చాలీచాలకుండా ఉండాదిలే. ఇంగో నెల ఆగల్ల," అన్నాడు. అందరూ నిరాశగా లేచి వెళ్ళిపోయారు.

అందుకే పాఠకులారా, మీ సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆకాశం ఎంత నీలంగా ఉన్నా నవ్వను, నా ఒంటి మీద ఉన్నదేదీ వాన పేరున ఎవరికీ మాటివ్వను. ఈ ఒట్టు నా తల మీద చెయ్యి పెట్టుకునే వేస్తున్నాను. మధ్యలో అడ్డం ఏమీ లేదు.