మేనత్త ఇచ్చిన మంచినీళ్ళు

మొన్న మా మేనత్త బెజవాడ నుంచి మా ఊరొచ్చింది. ఇంటి ముందు ఆటో ఆగిందో లేదో, నేను లుంగీ సర్దుకుంటూ వంటింట్లోకి పరుగెత్తి, గ్లాసు కడిగి, మంచినీళ్ళు ముంచుకుని వాకిట్లోకి వెళ్ళాను. ఇంట్లో చెంచాలెక్కడుంటాయో కూడా తెలియని మనిషిని నేను. కల్లంలో మిరపకాయలు ఏరేవాళ్ళకు టీ ఇవ్వాలన్నా మా ఆవిడనే కేకేస్తాను. అత్తయ్యకు నీళ్ళిచ్చే పని మాత్రం నాది. కారణం తెలుసు గనక మా ఆవిడ పక్కకు తప్పుకుని దారిస్తుంది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ అత్తయ్యది బెజవాడే. ఆవిడ ఇంటికి ఎవరొచ్చినా ముందు చేతికి మంచినీళ్ళు రావాల్సిందే. చుట్టాలకే కాదు, గ్యాస్ బండ తెచ్చినవాడికి, కరెంటు బిల్లు తీసేవాడికి, ఆఖరికి గోడ తగాదా పెట్టుకోవడానికి వచ్చిన పక్కింటాయనకు కూడా. "ముందు నీళ్ళు తాగు, తర్వాత చెబుదువు గాని" అనేది. పాపం ఆ పక్కింటాయన గ్లాసు ఖాళీ చేసేసరికి సగం కోపం చల్లారిపోయి, మిగతా సగాన్ని కూడదీసుకోవడానికి గొంతు సవరించుకునేవాడు. వేసవి సెలవుల్లో నేను వెళితే చెప్పులు విప్పకముందే కూజాలో నీళ్ళు వచ్చేవి. మట్టి వాసన, కాస్త వట్టివేళ్ళ వాసన కలిసిన ఆ నీళ్ళు గొంతులో పడితేనే నాకు బెజవాడ చేరినట్టుండేది.

బుడమేరు పొంగి బెజవాడ మీద పడిన ఏడాది, అత్తయ్య వాళ్ళ వీధిని టీవీలో చూశాను. కిటికీల దాకా నీళ్ళు. ఫోన్ చేస్తే కలవదు. నాకు ఏడుపొచ్చింది, ఆ వెనకే పట్టరాని కోపమొచ్చింది. ఏరు పారే దారిలో ప్లాట్లు వేసి అమ్మినవాళ్ళ మీద, చూస్తూ ఊరుకున్నవాళ్ళ మీద, వంతెనెక్కి మునిగిన ఇళ్ళను వీడియోలు తీసుకుంటున్నవాళ్ళ మీద. టీ కొట్టు ముందు నిలబడి ఒక్కొక్కళ్ళనీ పేరుపేరునా దులిపేస్తుంటే, మా పెదనాన్న కొడుకు విసుక్కున్నాడు. "ఒరేయ్, నువ్వు తిడితే నీళ్ళు దిగుతాయంట్రా? పద, అన్నం వండించి తీసుకెళ్దాం" అన్నాడు.

ఊరు ఊరంతా కదిలింది. గుండిగలకు గుండిగలు పులిహోర కలిపారు. మా వైపు చేతులు కదా, తాలింపులో ఎండుమిరపకాయలు పిడికిళ్ళ కొద్దీ పడ్డాయి. అది చాలదన్నట్టు పొట్లానికో ముద్ద గోంగూర పచ్చడి. ట్రాక్టరుకు ఫ్లెక్సీ కూడా కట్టాం. పైన ఊరి పేరు, కింద మా ఫొటోలు. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫొటో కాబోలు, వరద బాధితులకు సాయం అన్న అక్షరాల పక్కన నేను పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాను. దారిలో ఆకలేసి తలా ఒక పొట్లం విప్పాం. కారానికి నోళ్ళు మండి, మాకోసం తెచ్చుకున్న సీసాల్లో నీళ్ళన్నీ మేమే తాగేశాం. పంచడానికి మంచినీళ్ళ డబ్బా ఒక్కటి కూడా ఎక్కించలేదని ఎవరికీ తట్టలేదు. ఫ్లెక్సీ గుర్తొచ్చింది గాని, నీళ్ళు గుర్తు రాలేదు.

వీధి మొదట్లోనే ట్రాక్టరు ఆగిపోయింది. పొట్లాల సంచి నెత్తిన పెట్టుకుని, గోడలు పట్టుకుంటూ, గుండెల్లోతు నీళ్ళలో నడిచాను. మురుగు కంపు, పెట్రోలు కంపు, ఎక్కడో గొడ్డు చచ్చిన కంపు. చిన్నప్పుడు పుల్ల ఐసు కొనుక్కున్న కొట్టుకు బోర్డు ఒక్కటే పైకి కనపడుతోంది. మెట్లెక్కి డాబా మీదికి చేరేసరికి గొంతు పిడచకట్టుకుపోయింది. పరదా పట్టా కింద నుంచి అత్తయ్య లేచింది. నేను నోరు తెరిచి ఏదో అనబోయి ఏడ్చేశాను. ఆవిడ నా వంక చూసి, మూలకు వెళ్ళి, స్టీలు గ్లాసుతో వచ్చింది.

"ముందు నీళ్ళు తాగు నాయనా, తర్వాత చెబుదువు గాని."

గటగటా తాగేశాను. ఆ చేతిలోంచి గ్లాసు అందుకోవడం చిన్నప్పటి అలవాటు, ఆలోచించేదేముంది? "ఇంకాసిని తేనా?" అని ఎప్పుడూ అడిగే మనిషి ఈసారి అడగలేదు. అప్పుడు కనిపించాడు మామయ్య. గోడకు ఆనుకుని కూర్చున్నాడు, అరచేతిలో షుగరు మాత్ర, గుండె మాత్ర. నా చేతిలో ఖాళీ గ్లాసు చూసి, ఆ మాత్రలను మెల్లగా కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. బిందె అడుగున మిగిలిన ఆఖరి నీళ్ళవి. ఆయన మాత్రల కోసం దాచినవి. ఏం చేయాలో తెలియక పులిహోర పొట్లం విప్పి చేతికిచ్చాను. ఒక్క ముద్ద తిని పొలమారి, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, "కమ్మగా ఉందిరా" అన్నాడు. అత్తయ్య ఆయన వీపు నిమురుతోంది.

సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చిన దారినే నీళ్ళలో పడి పరుగెత్తాను. వీధి మొదట్లో ఫ్లెక్సీ మీద నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. చింపి నీళ్ళలో పారేయాలనిపించింది, ఆ నీళ్ళలో ఉన్న చెత్త చాల్లే అని మడిచి సీటు కింద కుక్కాను. పడవ మీద వెళుతున్న కుర్రాళ్ళను బతిమాలి, మంచినీళ్ళ డబ్బా సంపాదించి డాబా ఎక్కేసరికి పొద్దు వాలింది. దేవుడి దయ వల్ల మామయ్యకేమీ కాలేదు. ఇప్పటికీ నేను గడపలో అడుగు పెడితే, "ఏమేవ్, మీవాడొచ్చాడు, ముందు నన్ను మాత్రలేసుకోనీ" అంటాడు. అత్తయ్య ఆయన్ను కసురుకుంటుంది. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే బాగుండదు.

మొన్న వాకిట్లో నిలబడి అత్తయ్య నేనిచ్చిన నీళ్ళు సగం తాగింది. గ్లాసు నా వైపు చాపి, "నువ్వు తాగావురా?" అంది. తాగానత్తయ్యా, అన్నాను. బెజవాడలో ఆ వీధి గోడలకు కొత్త రంగులు పడ్డాయి, వరద మరకలు వెతికినా కనపడవు. అంత నీటినీ దింపేసిన కాలానికి, నా గొంతులో ఆ గ్లాసుడు నీళ్ళు దింపడం మాత్రం ఇంకా చేతకాలేదు.