పీనుగు వేషం కూర్మయ్య

నౌపడ ఉప్పుమళ్ళు దాటి సముద్రం వైపు పోతే వచ్చే పల్లెలో కూర్మయ్య ఎవరంటే తడుముకుంటారు. పీనుగు కూర్మయ్య అంటే మాత్రం పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆ పేరు అతనికి బిరుదు లాంటిది.

గంగమ్మ పండగకి ఆ పల్లె జనం ఏటా ఒక పాత ప్రహసనం ఆడతారు. తాతల కాలంలో ఎవరో పంతులు రాసింది. కథ చిన్నదే. రాజ్యంలో కరువొచ్చి ఒకడు చచ్చిపోతాడు. రాజు పరామర్శకి వస్తాడు. అందరూ లేచి దండం పెడతారు, పీనుగు లేవదు. రాజధిక్కారమని దాన్ని సభకి మోసుకుపోయి విచారిస్తారు. మరణశిక్ష వేద్దామంటే అది ముందే చచ్చి ఉంది. చివరికి న్యాయాధికారి గడ్డం నిమురుకుని, "వీడు మళ్ళీ బతికి, మన ఏలుబడిలోనే నూరేళ్ళు కాపురం చెయ్యాలి" అని తీర్పు చెబుతాడు. అంతదాకా కదలని పీనుగు చటుక్కున లేచి రాజు కాళ్ళు పట్టుకుని, "వద్దు మహాప్రభో, అంత శిక్ష వద్దు" అని బావురుమంటుంది.

కూర్మయ్య కుర్రతనంలో భటుడి వేషం కట్టి, ఉన్న ఒక్క మాటా మరిచిపోయాడు. ఆట నేర్పే సోములు మావ విసుక్కుని, "నీకు మాటలు రావురా, పీనుగై తొంగో" అన్నాడు. అలా పడుకున్నవాడు ఆ వేషానికే పుట్టాడన్నట్టు కుదిరిపోయాడు. ముక్కు మీద ఈగ వాలినా చలించేవాడు కాదు. చివర లేచి ఏడిస్తే జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. కళ్ళు మూసుకున్నవాడికి చెవులు బాగా పనిచేస్తాయి కదా, ముసలివాళ్ళ నవ్వు చివర ఒక నిట్టూర్పు ఉంటుందని కూర్మయ్య కనిపెట్టాడు. ఇది ఉత్త నవ్వులాట కాదని అతనికి అప్పుడే అర్థమైంది.

ఒక ఏడాది వానాకాలంలో అతని అన్న ఎల్లాజీ పడవ బోల్తాపడి పోయాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక మేటలు వేసి, అలకి పడవ నిలవదు. మొగ తవ్విస్తామని ఎన్నికలప్పుడల్లా చెప్పేవారు, తర్వాత మరిచిపోయేవారు.

శవం ఇంటి ముందు ఉండగానే ఆ ప్రాంతపు నాయకుడు కార్లేసుకుని వచ్చాడు. వదిన జగ్గమ్మ గోడవార కూలబడి ఉంది. వెంట వచ్చినవాడొకడు, "లెగమ్మా, అయ్యగారొచ్చినారు, దండం పెట్టు" అన్నాడు. నాయకుడు శవానికి దండ వేశాడు. ఫోటో సరిగా రాలేదన్నారు. వేసిన దండ తీసి మళ్ళీ వేశాడు. అన్న తలదగ్గర నిలబడ్డ కూర్మయ్యకి, భటుడి వేషంలో లాగే, ఒక్క మాటా రాలేదు.

పండగ వచ్చింది. ముఖ్య అతిథి ఆ నాయకుడే. సర్పంచ్ గంగులు పరుగున వచ్చాడు.

"ఒరే కూర్మయ్యా, ఈ ఏడు ఆ ఆట వద్దురా. ఏదో దేవుడి కథ ఆడండి."

"మన తాతలు ఆడిన ఆట మావా. దానికేటి దోషం?"

గంగులు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కూర్మయ్య బెంగంతా వదిన గురించే. ఆమె ఎదుట తను పీనుగై పడుకోవడమా? వెళ్ళి అడిగాడు.

జగ్గమ్మ చేపలు ఎండబెడుతూ తలెత్తకుండానే అంది: "మీ అన్న ఏటేటా ముందు వరసలో కూకొని నవ్వీవోడు. ఆడు. నానూ వస్తాను."

పొద్దు వాలగానే ఆట మొదలైంది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. "లెగరా, ప్రభువులొచ్చినారు" అని భటుడు పీనుగుని కర్రతో పొడిచాడు. పల్లె అంతా చప్పుడు లేదు. నాయకుడొక్కడే ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోవడం కూర్మయ్యకి పడుకున్న చోటికే వినబడింది.

తీర్పు పడింది. కూర్మయ్య లేచి వేదిక మీది రాజు కాళ్ళే పట్టుకున్నాడు. నాయకుడి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "వద్దు మహాప్రభో!"

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఆడవాళ్ళ వైపు నుంచి ఒక నవ్వు లేచింది. అది జగ్గమ్మది. అన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ వెనక పల్లె అంతా నవ్వింది. నాయకుడు లేవలేక, కూర్చోలేక, రెండు చప్పట్లు కొట్టి కారెక్కాడు.

మర్నాడు ఆయన మనిషి కూర్మయ్య ఇంటికి వచ్చాడు. "ఆ నాటకం ఎవడు రాసినాడు?"

"రాసినోడు సచ్చి సానా కాలమైంది బాబూ. మీరు పిలిసినా లెగడు."

"మీరేటి కలిపినారు అందులో?"

"కలపాల్సిన అవసరం రాలేదు బాబూ."

వచ్చినవాడికే నవ్వొచ్చింది. మీసం చాటున దాచుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారమే జగ్గమ్మ పల్లె ఆడవాళ్ళని వెంటేసుకుని కలెక్టరాఫీసు ముందు కూర్చుంది. "ఇన్నాళ్ళూ ఆల్ని సూస్తే నోరు పడిపోయీది. ఆ సందేల నవ్వినాక బయిం పోయింది" అని అడిగినవాళ్ళకి చెప్పింది. కూర్మయ్య ఆమె పక్కనే కూర్చున్నాడు, అధికారులతో తనే మాట్లాడాడు. మొగలో ఇసక తవ్వే యంత్రం వచ్చింది. సగం తవ్వి ఆగింది. మిగతా సగం కోసం పల్లె ఇంకా తిరుగుతోంది. పోటు సమయంలో మాత్రం పడవలు నిబ్బరంగా దాటుతున్నాయి.

నాయకుడు మళ్ళీ పండగకి రాలేదు. పొందూరు నుంచీ చీపురుపల్లి నుంచీ ఆటకి పిలుపులొచ్చాయి. న్యాయాధికారి వేషం కట్టే సోములు మావకి కీళ్ళనొప్పులు, ప్రయాణం చెయ్యలేనన్నాడు. ఆ వేషం ఎవరికివ్వాలా అని చూస్తుంటే, జగ్గమ్మే అడిగి తీసుకుంది.

పొందూరులో వేదిక ఎక్కబోతూ కూర్మయ్య అన్నాడు: "వదినా, తీర్పు సెప్పీటప్పుడు నవ్వీకు."

"నానెందుకు నవ్వుతాన్రా" అని జగ్గమ్మ పెట్టుడు గడ్డం సరిచేసుకుంది. "నువ్వెల్లి తొంగో."